చెరువే ప్రయోగశాల అయినప్పుడు: నెల్లూరు తీర రొయ్యల సాగు సందర్భంగా ఉత్తమ ప్రయోగ రచనల గణన పద్ధతులు

వ్యాస సంగ్రహం: సాంఖ్యక శాస్త్రంలో ప్రయోగ రచనలను పట్టికల నుంచి ఎంచుకోవడం ఒక సంప్రదాయం, కంప్యూటరుతో వెదకి కనుక్కోవడం మరొక సంప్రదాయం. ప్రయోగ క్షేత్రం సౌష్ఠవంగా లేనప్పుడు, ప్రయోగ యూనిట్లు ఖరీదైనవైనప్పుడు రెండవ మార్గం అవసరమవుతుంది. నెల్లూరు తీరంలోని ఉప్పునీటి రొయ్యల చెరువులను ఉదాహరణగా తీసుకొని భారాల సవరణ, బిందు మార్పిడి, నిరూపక మార్పిడి పద్ధతుల పనితీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ అల్గారిథం అయినా తనకు చెప్పిన నమూనాకు, తనకు చెప్పిన హద్దులకు మాత్రమే ఉత్తమమైన జవాబు ఇస్తుందనీ, కాబట్టి పరిశోధకుని ప్రధాన శ్రమ ఆ రెండింటిని నిర్ణయించడంలోనే ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రయోగ రచన, సమాచార మాత్రిక, డి-ప్రమాణం, మార్పిడి అల్గారిథం, స్ప్లిట్-ప్లాట్, వనామీ, నెల్లూరు తీరం.

1. సమస్య స్వరూపం

కావలి నుంచి పులికాట్ సరస్సు దాకా సాగే తీరంలో పెన్న, స్వర్ణముఖి, కండలేరు కలిసే ముఖద్వారాలు, బకింగ్‌హాం కాలువ, వాటి నుంచి చీలిన ఉప్పుటేర్లు కనిపిస్తాయి. వాటిని ఆనుకొని రొయ్యల చెరువులు విస్తరించాయి. రైతుల వాడుకలో ఇవి గుంటలు. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్య సాగును దెబ్బతీసింది. 2009లో వనామీ రొయ్య వాణిజ్య సాగుకు అనుమతి లభించాక ఈ ప్రాంతపు సాగు స్వరూపమే మారిపోయింది. వనామీ చెరువులో చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయరాదని కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన విధించింది.

ఈ చెరువులకు సంబంధించిన ప్రశ్నలు సాంఖ్యక ప్రశ్నలే. ఏ లవణీయత వద్ద, ఎంత సాంద్రతతో, ఎంత మేతతో పట్టుబడి గరిష్ఠమవుతుంది? సాంద్రత పెంచితే కలిగే లాభం తక్కువ లవణీయతలోనూ నిలుస్తుందా? ప్రయోగశాలలోని తొట్లలో ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు గుంటకు యథాతథంగా వర్తించవు. గుంటలోనే ప్రయోగం చేయాలంటే ఒక్కో పరిశీలనకు దాదాపు నాలుగు నెలల పంటకాలం పడుతుంది. సీడు, మేత, ఏరేటర్లకు కరెంటు, కూలి ఖర్చులన్నీ ఆ ఒక్క సంఖ్య కోసం పెట్టాలి. వ్యవసాయ క్షేత్రంలో నలభై మడులు వేయగల పరిశోధకునికి ఇక్కడ పన్నెండు చెరువులు దొరకడమే గగనం. ఆ పన్నెండింటిలో ఏ చెరువుకు ఏ స్థాయిలు ఇవ్వాలన్న నిర్ణయం ఒకసారి తప్పితే ఆ ఏడాదికి దాన్ని దిద్దుకొనే వీలుండదు. ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాల వంటి సంస్థ ఉన్న జిల్లాలో ఇది కేవలం గణిత కుతూహలానికి చెందిన ప్రశ్న కాదు.

2. పట్టికల సంప్రదాయం, తెగిపోయిన మూల

ప్రయోగ రచనల నిర్మాణంలో తెలుగువారి కృషి చెప్పుకోదగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళిన సి.ఆర్. రావు 1947లో ప్రచురించిన పత్రం ఆర్థోగొనల్ ఎరేలకు పునాది వేసింది. బాక్స్, హంటర్‌లు 1957లో ప్రతిపాదించిన భ్రమణీయ రచనలను సంతులిత అసంపూర్ణ ఖండ రచనల నుంచి నిర్మించే మార్గాన్ని 1962లో ఎం.ఎన్. దాస్, వి.ఎల్. నరసింహం చూపారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో విక్టర్ బాబు, నరసింహంల కృషి ఆ ధోరణిని ప్రవణతా భ్రమణీయ రచనల వైపు విస్తరింపజేసింది. ఇదంతా సంయోజక గణితపు అందం. కాగితం మీదే రచన పూర్తవుతుంది, దాని లక్షణాలు ముందే నిరూపితమై ఉంటాయి.

ఈ రచనలన్నింటి వెనుక ఒక భావన దాగి ఉంది. కారకాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తమ హద్దుల మధ్య స్వేచ్ఛగా మారగలవని, అంటే ప్రయోగ క్షేత్రం చతురస్రమో ఘనమో గోళమో అని ఇవి అనుకొంటాయి. తీరంలో ఇది నిజం కాదు. లవణీయతను 5, 20, 35 పి.పి.టి.లుగా, సాంద్రతను చదరపు మీటరుకు 20, 40, 60గా తీసుకొందాం. ఈ హద్దుల్లో 60 నిబంధన నుంచి వచ్చింది, మిగిలినవి వివరణ కోసం ఎంచుకొన్నవి. గణన సౌలభ్యం కోసం ప్రతి కారకపు మూడు స్థాయిలను −1, 0, +1 అని రాస్తారు. అప్పుడు తొమ్మిది కలయికలు వస్తాయి. అయితే తక్కువ లవణీయత గల నీటిలో పొటాషియం, మెగ్నీషియం చాలక రొయ్య ఒత్తిడికి లోనవుతుంది. ఆ నీటిలో గరిష్ఠ సాంద్రత వేయడానికి ఏ రైతూ తన గుంట ఇవ్వడు, ఇమ్మని అడగడమూ న్యాయం కాదు. చతురస్రంలో ఒక మూల తెగిపోయినట్లే.

మిగిలిన ఎనిమిది కలయికలతో ప్రయోగం చేస్తే పోయేది తొమ్మిదో వంతు సమాచారమే కదా అనిపిస్తుంది. లెక్క వేరుగా ఉంది. రెండు కారకాల పూర్తి ద్విఘాత నమూనాలో ఆరు పరామితులు ఉంటాయి. తొమ్మిది బిందువుల రచనలో మూల బిందువు లీవరేజ్, అంటే ఆ బిందువు వద్ద అంచనా తన సొంత పరిశీలన మీద ఆధారపడే పాలు, 36లో 29 వంతులు. అంచుల మధ్య బిందువులకూ కేంద్రానికీ అది 36లో 20 మాత్రమే. ఒక బిందువును తీసివేసినప్పుడు సమాచార మాత్రిక నిర్ధారకం, ఒకటిలోంచి ఆ లీవరేజ్ తీసివేయగా మిగిలిన భాగానికి పడిపోతుంది. కాబట్టి ఒక మూల పోతే నిర్ధారకంలో మిగిలేది 36లో 7 వంతులే. పట్టికలోని రచనను కత్తిరించి వాడుకోవడం సరైన దారి కాదని చెప్పడానికి ఈ ఒక్క సంఖ్య చాలు. ఉన్న హద్దులలోనే మొదటి నుంచి వెదకాలి.

3. ప్రమాణం, భారాలు, సరిచూసే సిద్ధాంతం

వెదకడానికి ముందు దేన్ని ఉత్తమం అనాలో తేల్చుకోవాలి. ప్రతిగమన నమూనాలో పరామితుల అంచనాల విస్తృతులు, సహవిస్తృతులు సమాచార మాత్రిక విలోమం నుంచి వస్తాయి. ఆ మాత్రిక కారకాల స్థాయిల మీదే ఆధారపడుతుంది, ఫలితాల మీద కాదు. అందువల్లనే చెరువులో నీరు పెట్టకముందే రచన మంచిదో కాదో లెక్కించవచ్చు. మాత్రిక నిర్ధారకాన్ని గరిష్ఠం చేయడం డి-ప్రమాణం. పరామితులన్నింటి ఉమ్మడి విశ్వాస క్షేత్రపు ఘనపరిమాణాన్ని ఇది కనిష్ఠం చేస్తుంది. డెన్మార్క్‌కు చెందిన కిర్‌స్టిన్ స్మిత్ 1918లోనే బహుపదులకు ఉత్తమ బిందువులను వెదికారు. వాల్డ్ 1943లో నిర్ధారకాన్ని కొలతగా వాడారు. కీఫర్, వోల్ఫోవిట్జ్‌లు 1960లో ఇచ్చిన తుల్యతా సిద్ధాంతం ఈ వెదుకులాటకు గమ్యం చూపే గుర్తు అయింది.

ఆ సిద్ధాంతాన్ని ఒకే కారకంతో చూడవచ్చు. లవణీయత ఒక్కటే మారుతున్నదనీ, పట్టుబడి దానితో ద్విఘాత వక్రంగా మారుతున్నదనీ అనుకొందాం. అప్పుడు పరామితులు మూడు. పదిహేను చెరువులు ఉంటే చాలామంది ఐదు స్థాయిలను సమాన దూరాల్లో తీసుకొని, ఒక్కో స్థాయికి మూడు చెరువులు ఇస్తారు. 5, 12.5, 20, 27.5, 35 పి.పి.టి. అన్నమాట. ఈ రచనలో అంచనా విస్తృతిని ప్రామాణీకరించి లెక్కిస్తే రెండు కొసల వద్ద 4.43, వాటి పక్క స్థాయిల వద్ద 1.86, కేంద్రం వద్ద 2.43 వస్తుంది. వీటి సగటు సరిగ్గా 3, అంటే పరామితుల సంఖ్య. ఏ రచనకైనా తన సొంత బిందువుల మీద భారిత సగటు ఇంతే ఉంటుంది. మొత్తం క్షేత్రంలో ఎక్కడా విస్తృతి ఆ సంఖ్యను మించని రచన డి-ఉత్తమమని, మించితే కాదని తుల్యతా సిద్ధాంతం చెబుతుంది. ఇక్కడ కొసల వద్ద 4.43 ఉంది. కాబట్టి ఈ రచన ఉత్తమం కాదు. ఎటు జరగాలో కూడా ఆ సంఖ్యే చెబుతోంది.

ఈ సూచననే అల్గారిథంగా మార్చినది గుణకార పద్ధతి. టిట్టరింగ్టన్ 1976లో, ఆ తరువాత సిల్వీ, టార్స్‌నీలతో కలిసి 1978లో దీన్ని వివరించారు. ప్రతి బిందువు భారాన్ని అక్కడి విస్తృతితో గుణించి పరామితుల సంఖ్యతో భాగించాలి. పై ఉదాహరణలో 0.200గా ఉన్న కొస భారం 0.295 అవుతుంది. పక్క స్థాయిల భారం 0.124కు, కేంద్రపు భారం 0.162కు దిగుతాయి. మొత్తం మళ్ళీ 1 అవుతుంది, విడిగా సరిచేయనక్కరలేదు. నిర్ధారకాల నిష్పత్తికి ఘనమూలం తీసి కొలిస్తే మొదటి రచన దక్షత 83.9 శాతం. ఒక్క అడుగు తరువాత అది 92.6కు చేరుతుంది. రెండో అడుగులో 94.3 మాత్రమే. మొదటి అడుగులో తగ్గిన కేంద్రపు భారం రెండో అడుగులో 0.181కి పెరుగుతుంది. గమ్యం దగ్గరపడుతున్నకొద్దీ నడక మందగించడం ఈ పద్ధతికి ఉన్న ప్రసిద్ధమైన లోపం. అక్కరలేని బిందువుల భారం సున్నా వైపు కుంటుతూ పోతుంది గాని వెంటనే సున్నా కాదు. విన్ 1970లోనూ, ఫెడరోవ్ తన గ్రంథంలోనూ చూపిన మరొక మార్గంలో విస్తృతి గరిష్ఠంగా ఉన్న ఒక్క బిందువుకే ప్రతిసారీ కొంత భారం చేరుస్తారు. యామింగ్ యూ 2011లో ప్రచురించిన కాక్‌టెయిల్ అల్గారిథం ఇలాంటి అడుగులను కలిపి వేగాన్ని సాధించింది.

గమ్యం మాత్రం కాగితం మీదే తేలుతుంది. మూడు స్థాయిలకు మూడో వంతు చొప్పున భారం ఇస్తే క్షేత్రంలో ఎక్కడా విస్తృతి 3ను మించదు. రెండు కొసల వద్ద, కేంద్రం వద్ద సరిగ్గా 3 ఉంటుంది. మిగతా అంతటా తక్కువ. ఐదేసి చెరువులు మూడు స్థాయిలకు ఇస్తే వచ్చే సమాచారంతో పోల్చినప్పుడు, ఐదు స్థాయిల రచనలోని పదిహేను చెరువులు 12.6 చెరువుల పనే చేస్తాయి.

4. ఏ ఉత్తమం?

ఇక్కడితో ఆపితే పాఠకుడు తప్పుదారి పట్టవచ్చు. డి-ప్రమాణం పరామితుల కోసం తపిస్తుంది. రైతుకు కావలసినది పరామితులు కావు. ఫలానా లవణీయతలో ఎంత పట్టుబడి వస్తుందన్న అంచనా కావాలి. హద్దుల మధ్య అంతటా అంచనా విస్తృతి సగటును కనిష్ఠం చేసేది ఐ-ప్రమాణం. అదే ద్విఘాత నమూనాకు దీన్ని లెక్కిస్తే ఉత్తమ భారాలు కొసలకు నాలుగో వంతు చొప్పున, కేంద్రానికి సగం. అప్పుడు సగటు విస్తృతి 2.13. డి-ఉత్తమ రచనకు అది 2.40. డి-ప్రమాణంలో 84 శాతంతో వెనకబడిన ఐదు స్థాయిల రచనకో, 2.33! ఒక కొలతలో ఓడిన రచన మరొక కొలతలో గెలిచిన రచనను దాటింది. పైగా ద్విఘాత నమూనా సరిపోతుందో లేదో పరీక్షించే అవకాశం ఐదు స్థాయిల రచనకు ఉంది. మూడు స్థాయిల రచనకు అది ఏ మాత్రం లేదు.

సిద్ధాంత వ్యాసాలలో ‘ఉత్తమ రచన వాడబడింది’ అన్న వాక్యం ఒంటరిగా కనిపించినప్పుడు పరీక్షకుడు అడగవలసిన ప్రశ్న ఇదే: దేనికి ఉత్తమం? ప్రతిస్పందన తలం మీద గరిష్ఠ బిందువును వెదికే ప్రయోగాలకు ఐ-ప్రమాణమే తగినది. ఏ కారకం పనిచేస్తుందో ఏది చేయదో వడపోసే తొలి ప్రయోగాలకు డి-ప్రమాణం సరిపోతుంది. సాఫ్ట్‌వేరు తనంతట తాను ఎంచిన ప్రమాణాన్ని అలాగే వదిలేయడం పరిశోధకుని నిర్ణయం అనిపించుకోదు.

5. మార్పిడి అల్గారిథంలు

భారాలు చెరువుల సంఖ్యలు కావు. పన్నెండు చెరువుల్లో 0.295 వంతు అంటే మూడున్నర చెరువులు. పూర్ణ సంఖ్యలకు సవరించడం ఒక దారి. పద్నాలుగు, పదిహేను చెరువుల స్థాయిలో ఆ సవరింపే ఉత్తమత్వాన్ని చెడగొట్టవచ్చు. అందువల్ల చిన్న ప్రయోగాలకు మొదటి నుంచీ పూర్ణ సంఖ్యలతోనే వెదికే అల్గారిథంలు వచ్చాయి.

అన్నింటినీ లెక్కించి చూడవచ్చు కదా అన్న సందేహం సహజం. మూడు కారకాలు, మూడు స్థాయిలు, పన్నెండు చెరువులు ఉంటే 27 కలయికల నుంచి పునరావృతంతో ఎంచుకొనే విధాలు సుమారు 270 కోట్లు. సెకనుకు పది లక్షల నిర్ధారకాలు లెక్కించే యంత్రానికి ఇది ముప్పావు గంట పని. ఏరేటర్లు నడిపే గంటలను నాలుగో కారకంగా చేర్చి ఇరవై చెరువులు తీసుకొంటే 81 కలయికల నుంచి ఎంచుకొనే విధాల సంఖ్య 5.36 × 10²⁰ అవుతుంది. అదే యంత్రానికి కోటీ డెబ్బై లక్షల ఏళ్ళు పడుతుంది. కొన్ని శాఖలను ముందే కొట్టివేస్తూ కచ్చితమైన జవాబు చేరే పద్ధతిని వెల్చ్ 1982లో చూపినా, పెద్ద సమస్యలకు అదీ బరువే.

ఫెడరోవ్ మార్పిడి పద్ధతి ఈ అరణ్యంలో ఒక కాలిబాట వంటిది. యాదృచ్ఛికంగా ఒక రచనతో మొదలుపెట్టి, అందులోని ఒక్కో చెరువుకు బదులు ఒక్కో అభ్యర్థి కలయికను పెడితే నిర్ధారకం ఎంత పెరుగుతుందో చూడాలి. ఇరవై చెరువులకు, 81 అభ్యర్థులకు ఒక విడతలో 1620 జతలు వస్తాయి. వాటిలో అత్యధిక లాభమిచ్చే మార్పిడి చేసి, లాభం లేకపోయేదాకా కొనసాగించాలి. ప్రతి జతకూ మాత్రికను కొత్తగా కట్టనవసరం లేదు. రెండు బిందువుల విస్తృతులు, వాటి మధ్య సహవిస్తృతి తెలిస్తే లాభం ఒక చిన్న సూత్రంతో తేలుతుంది. ఈ పద్ధతి వ్యావహారికం కావడానికి ఆ సూత్రమే కారణం. మిచెల్ 1974 నాటి డెట్‌మాక్స్, కుక్, నాచ్‌ట్‌షైమ్‌ల 1980 నాటి సవరణలు దీనికి దగ్గరి బంధువులు.

ఒక్క అడుగు చేతితో వేసి చూద్దాం. రెండో భాగంలోని తెగిన చతురస్రంలో ఎనిమిది చెరువులు ఉన్నాయి. తొమ్మిదో చెరువు దొరికింది. దాన్ని ఎక్కడ పెట్టాలి? తెగిన మూలకు దగ్గరగా, అంటే 12.5 పి.పి.టి. లవణీయత, 50 సాంద్రత వద్ద పెట్టి లోటు పూడ్చాలని అంతర్బుద్ధి చెబుతుంది. అక్కడ విస్తృతి 0.592. కాబట్టి నిర్ధారకం 1.592 రెట్లవుతుంది. క్షేత్రపు మిగతా మూడు మూలల్లో తెగిన మూలకు పక్కనున్న రెండింటి వద్ద, తెగిన అంచుకు ఇరువైపులా మిగిలిన మధ్య బిందువుల వద్ద విస్తృతి 0.810. సరిగ్గా ఎదుటి మూలలో, అంటే 35 పి.పి.టి., 20 సాంద్రత వద్ద, అది 0.905. మార్పిడి అల్గారిథం తొమ్మిదో చెరువును అక్కడే పెడుతుంది. నిర్ధారకం 1.905 రెట్లవుతుంది. పరస్పర చర్య పరామితి ఆ కర్ణం మీద ఆధారపడి నిలిచి ఉంది. ఒక కొస తెగినప్పుడు రెండో కొసను గట్టిగా పట్టుకోవాలి. సాంఖ్యక శాస్త్రం చదివినవారు సైతం లెక్క వేయకముందు ఈ జవాబును ఊహించడం కష్టం.

అభ్యర్థుల పట్టిక పెరిగేకొద్దీ ఫెడరోవ్ పద్ధతి భారమవుతుంది. మేయర్, నాచ్‌ట్‌షైమ్‌లు 1995లో ఆ పట్టికనే తొలగించారు. వారి నిరూపక మార్పిడిలో ఒక చెరువు మొత్తం కలయికను ఒకేసారి మార్చరు. ఒక్కో కారకపు స్థాయినే దాని హద్దుల మధ్య జరుపుతూ ఉత్తమ స్థానం చూస్తారు. ఇరవై చెరువులు, నాలుగు కారకాలు అంటే ఒక విడతకు ఎనభై చిన్న వెదుకులాటలు. స్థాయిలు నిరంతరంగా ఉండవచ్చు. తెగిన మూల వంటి హద్దును కూడా ఒక నిబంధనగా పెట్టవచ్చు. సాఫ్ట్‌వేరు పొట్లాలలో జంప్ వాడేది ఈ పద్ధతినే. సాస్‌లోని ఆప్టెక్స్, ఉచితంగా దొరికే ఆర్ భాషలోని ఆల్‌జిడిజైన్ అభ్యర్థుల పట్టిక మీద పనిచేస్తాయి.

ఇవన్నీ కొండ ఎక్కే పద్ధతులు. ఎక్కిన కొండే అన్నింటికన్నా ఎత్తైనదన్న హామీ లేదు. నిరూపక మార్పిడిలో ఒక కారకాన్నే జరుపుతున్నందున రెండు కారకాలు ఒకేసారి మారితే గాని దొరకని మెరుగుదల కంటపడకపోవచ్చు. అందుకే వందల, వేల యాదృచ్ఛిక ఆరంభాలతో మళ్ళీ మళ్ళీ నడిపి అన్నింటిలో మేలైనదాన్ని తీసుకొంటారు. బోహాచెవ్‌స్కీ, జాన్సన్, స్టైన్‌లు 1986లో అనుకరణ శీతలీకరణ పద్ధతిని ఈ సమస్యకు వర్తింపజేశారు. అప్పుడప్పుడు కిందికి దిగడానికి కూడా అనుమతిస్తూ స్థానిక శిఖరం నుంచి తప్పించుకోవడం దాని ఉపాయం. జన్యు అల్గారిథంలు, కణ సమూహ పద్ధతి తరువాత వచ్చాయి. వీటి పేర్లు ఆకర్షణీయమైనవే గాని, కొద్ది కారకాల ద్విఘాత నమూనాలకు ఎక్కువ ఆరంభాలతో నడిపిన నిరూపక మార్పిడి చాలు. వాటి అసలు అవసరం సరళరేఖీయం కాని నమూనాలలో కనిపిస్తుంది. రొయ్య పెరుగుదల వక్రం అలాంటిదే. అక్కడ సమాచార మాత్రిక తెలియని పరామితుల మీదే ఆధారపడుతుంది. ముందస్తు విలువలో, వాటి సంభావ్యతా విభాజనమో ఇస్తే తప్ప లెక్క మొదలు కాదు.

పాత సంప్రదాయం ఈ సందర్భంలో మళ్ళీ పనికొస్తుంది. యాదృచ్ఛిక ఆరంభాలతో పాటు దాస్-నరసింహం రచన వంటి భ్రమణీయ రచనను హద్దులకు తగ్గట్టు కత్తిరించి ఒక ఆరంభంగా ఇవ్వవచ్చు. సౌష్ఠవం నిలిచినంత మేరకు అది వెదుకులాటను మంచి చోట మొదలుపెడుతుంది.

6. మార్చలేని కారకం

ఇంతవరకు లవణీయతను చెరువు చెరువుకూ మార్చగలమన్నట్లు మాట్లాడటం జరిగింది. నిజానికి ఒకే ఉప్పుటేటి నుంచి నీరు తోడుకొనే చెరువులన్నింటికీ దాదాపు ఒకటే లవణీయత ఉంటుంది. వేసవిలో అది పెరుగుతుంది. అక్టోబరు, డిసెంబరుల మధ్య ఈశాన్య రుతుపవన వర్షాలు నెల్లూరు తీరాన్ని తడిపాక తగ్గుతుంది. అంటే లవణీయత చెరువుల గుంపుకు చెందినది. సాంద్రత, మేత చెరువుకు చెందినవి. వ్యవసాయ సాంఖ్యక శాస్త్రానికి ఇది పాత పరిచయమే. పెద్ద మడికి నీటి పద్ధతి, అందులోని చిన్న మడులకు ఎరువు ఇచ్చే స్ప్లిట్-ప్లాట్ రచన ఇదే. గుంపుకు ఒక దోషం, చెరువుకు మరొక దోషం ఉంటాయి. పన్నెండు చెరువులను పన్నెండు స్వతంత్ర యూనిట్లుగా విశ్లేషిస్తే లవణీయత ప్రభావానికి లేని కచ్చితత్వం ఉన్నట్లు కనిపిస్తుంది. రెండు ఉప్పుటేర్లను పోల్చిన ప్రయోగంలో లవణీయతకు ఉన్న యూనిట్లు రెండే.

అల్గారిథం ఈ నిర్మాణాన్ని లెక్కలోకి తీసుకోగలదు. గూస్, వాండెబ్రూక్‌లు 2001లో ఉత్తమ స్ప్లిట్-ప్లాట్ రచనలను నిర్మించారు. జోన్స్, గూస్‌లు 2007లో నిరూపక మార్పిడిని వీటికి అన్వయించారు. లవణీయతను జరిపినప్పుడు ఆ గుంపులోని చెరువులన్నీ కలిసి జరుగుతాయి. సాంద్రతను జరిపితే ఒక్క చెరువే జరుగుతుంది. దీనికి గుంపు దోష విస్తృతికీ చెరువు దోష విస్తృతికీ ఉన్న నిష్పత్తి ముందే కావాలి. పాత పంటల రికార్డుల నుంచి దాన్ని అంచనా వేయాలి. వాటికి అందుబాటు లేకపోతే 0.5, 1, 2 వంటి కొన్ని విలువలకు రచనలు కట్టి, ఒకదాని కోసం కట్టినది మిగతావాటి కింద ఎంత దక్షతతో నిలుస్తుందో పోల్చాలి.

7. చెరువు పోయినప్పుడు

తీరంలోని ప్రయోగం మధ్యలో తెగిపోవచ్చు. తెల్లమచ్చలు కనిపిస్తే చెరువును ముందే పట్టేయవలసి వస్తుంది. తుఫానుకు గట్టు తెగితే పరిశీలన పోతుంది. పోయిన చెరువు ఎంత నష్టం చేస్తుందో లీవరేజే చెబుతుంది. మూడు కారకాల పూర్తి ద్విఘాత నమూనాకు పది పరామితులు ఉంటాయి. పన్నెండు చెరువుల రచనలో లీవరేజ్ సగటు 0.83. అంటే సగటు చెరువు ఒక్కటి పోయినా నిర్ధారకంలో ఆరో వంతే మిగులుతుంది. ఏదైనా చెరువు లీవరేజ్ 1 అయితే అది పోవడంతో కొన్ని పరామితులను అసలు అంచనా వేయలేము. అదే నమూనాకు ఇరవై చెరువులు ఉంటే సగటు లీవరేజ్ 0.5.

పరామితుల సంఖ్యకు దగ్గరగా చెరువులను తగ్గించడమే గణన పద్ధతుల ప్రయోజనమన్న భావన ఇక్కడ ప్రమాదకరమవుతుంది. డి-ప్రమాణం ఒక్కదానితో వెదికితే అల్గారిథం చెరువులు పోవన్న నమ్మకంతో రచన కడుతుంది. గరిష్ఠ లీవరేజ్ ఫలానా విలువను మించరాదన్న షరతు చేర్చవచ్చు. లేదా ఒక్కో చెరువు పోయినప్పుడు మిగిలే నిర్ధారకాల సగటును ప్రమాణంగా తీసుకోవచ్చు. ఖర్చు ఎక్కువైనా దక్షతలో నాలుగైదు శాతం వదులుకొని ఈ రక్షణ కొనుక్కోవడం తీరానికి తగిన బేరం. సాంద్రత ఎక్కువగా ఉన్న చెరువులే వ్యాధికి పోతే మాత్రం ఈ రక్షణ చాలదు. అప్పుడు పోవడం అన్నదే ఒక ఫలితం. దాన్ని విడిగా నమోదు చేసి విశ్లేషించాలి. మిగిలిన చెరువుల పట్టుబడి మాత్రమే చూస్తే అధిక సాంద్రత లాభదాయకమన్న తప్పుడు నిర్ధారణ వస్తుంది.

8. జాబితా నుంచి గట్టు మీదికి

అల్గారిథం ఇచ్చేది కలయికల జాబితా. ఏ కలయిక ఏ చెరువుకు అన్నది అది చెప్పదు, చెప్పనివ్వకూడదు కూడా. కాలువకు దగ్గరి చెరువుకూ, దూరపు చెరువుకూ, కిందటి పంటలో వ్యాధి సోకిన చెరువుకూ తేడాలుంటాయి. ఒకే హేచరీ సీడు, ఒకే వారంలో నింపిన నీరు వంటి వాటిని ఖండాలుగా తీసుకొని, వాటిలోపల కలయికలను లాటరీ పద్ధతిలో పంచాలి. సౌకర్యంగా ఉందని తక్కువ సాంద్రతను రోడ్డు పక్క చెరువులకు ఇస్తే, నిర్ధారకం ఎంత పెద్దదైనా లెక్కించినది రోడ్డు ప్రభావమే కావచ్చు.

ప్రచురణలో రచనను మరొకరు తిరిగి నిర్మించగలగాలంటే తెలపవలసిన వివరాలు కొన్ని ఉన్నాయి: ఊహించిన నమూనా, దానిలోని ప్రతి పదం, ప్రతి కారకపు హద్దు, అది నిబంధన వల్ల వచ్చిందా, నీటి వల్ల వచ్చిందా, రైతు ఒప్పుకోలు వల్ల వచ్చిందా అన్న సంగతి, ప్రమాణం, అల్గారిథం పేరు, యాదృచ్ఛిక ఆరంభాల సంఖ్య, యాదృచ్ఛిక సంఖ్యల బీజం, గుంపు, చెరువు విస్తృతుల నిష్పత్తికి తీసుకొన్న విలువ, గరిష్ఠ లీవరేజ్, చివరికి చేతికి వచ్చిన చెరువులు ఎన్ని, మధ్యలో పట్టేసినవి ఎన్ని, ఏ రోజున.